యశ్చిలాను ఉత్తరంగము: రూపశబ్దవిచారము

మెక్సికోదేశమున, చియాపస్ మండలమునందు, ఉసుమసింత నదీతీరమున యశ్చిలానను ప్రాచీన మాయానగరము గలదు. అందలి 23వ సౌధమునకుఁ జెందిన ఉత్తరంగ మొకటి, అనఁగా ద్వారముపైఁ బఱచిన సున్నపుఱాతి పలక, నేఁడు లండనునందలి బ్రిటిష్ మ్యూజియములో నున్నది. పరిశోధకులు దీనికి 24వ సంఖ్య యిచ్చిరి. అందు కబల్ శోక్ అను రాణి మోకరిల్లి ముండ్లత్రాటిని నాలుకలోఁ దూర్చి లాగుచున్నది. నెత్తురంటిన పత్రములు ముందఱి బుట్టలోఁ బడియున్నవి. ఇత్సమ్నాహ్ బలమ్ అను రాజు మండుచున్న దండమును బట్టి యెదుట నిలిచియున్నాఁడు. అందలి తిథి క్రీ.శ. 709వ సంవత్సరమునకు సరిపోవును.

దీనిఁ జూచి కొందఱు బీభత్సమని తలఁద్రిప్పుకొందురు. ఈ నిర్ణయము తొందరపాటు. జుగుప్స స్థాయి యగుటకు రక్తమను విభావ మొక్కటి చాలదు. తగిన యనుభావములును గావలయును. రాణిముఖమున వికార మిసుమంతయు లేదు. చేతులు త్రాటిని స్థిరముగాఁ బట్టినవి. వస్త్రపు నేఁతలోని యల్లిక సైతము సావధానముగాఁ జెక్కఁబడినది. శిల్పి చూపఁదలఁచినది బాధ గాదు, నియమము. స్వరక్తదానము వారికి దేవతలయెడ ననుష్ఠేయమైన కర్మము. ఐనను రసశాస్త్రము మనకు దీపమే కాని వారికిఁ గొలకఱ్ఱ గాదు.

ఇంతకంటెఁ బెద్దలోపము లిపిని వట్టి యలంకారముగా నెంచుట. మాయాశాసనములయందుఁ బంచాంగగణనమే కాని చరిత్ర లేదని పండితులు చాలకాలము తలఁచిరి. 1952లో సోవియట్టు పండితుఁడు యూరి క్నొరోజొవ్ ఆ లిపిలో నక్షరధ్వనులు గలవని చూపెను. ఎరిక్ థాంప్సను దానిని దీవ్రముగా ఖండించెను. 1960లో తత్యానా ప్రొస్కురియాకొఫ్ అను విదుషి శాసనములు రాజుల జననాభిషేకాదులను దెలుపునని స్థాపించెను.

జాగ్వారను మృగమునకు వారి పేరు 'బలమ్'. ఆ మృగముతలను జెక్కిన నొక్కగుర్తే యా పదమును దెలుపును. బ, ల, మ అను మూఁ డక్షరములతోను వ్రాయవచ్చును. పొల్లుగుర్తు లేమిచేఁ దుదిస్వరము వ్రాయఁబడియు నుచ్చరింపఁబడదు. దీనికిని మన 'బలము'నకును సంబంధము లేదు. ధ్వనిసామ్యమాత్రమునఁ జుట్టఱికము గట్టి మాయాజనులను మయాసురుని సంతతిగాఁ జెప్పుట వ్యుత్పత్తి గాదు, వినోదము.

ఈ పలకపైఁ దిథి తరువాత 'ఉ బాహ్' అని యున్నది. 'ఉ' షష్ఠ్యర్థమును దెలుపు పూర్వప్రత్యయము. 'బాహ్' అనఁగా దేహమును, ప్రతిమయును. ఒక్క శబ్దమే రెంటిని జెప్పుటచే వారికిఁ బ్రతిమ వేఱు, రాజు వేఱు గాదు. పిమ్మట నా దండమును 'మండు శూల'మని శాసనము చెప్పుచున్నది. కన్ను దివిటీ యనుకొనినదానిని శబ్దము సవరించినది. లిపిని వదలి రూపమును విమర్శించువాఁడు సగము చూచినవాఁడు.

ఈ పలక ద్వారముపైఁ గ్రిందిముఖమునఁ జెక్కఁబడినది. లోనికిఁ బోవువాఁడు తల యెత్తి చూడవలసినది. 1880 దశకమున ఆల్ఫ్రెడ్ మాడ్స్లే యను నాంగ్లేయుఁడు దానిని లండనుకుఁ బంపెను. నేఁడు చూపరులు దానిని నిలువునఁ జూచుచున్నారు. 1562లో మానిగ్రామమున దియేగొ దె లాండా యను మతాచార్యుఁడు మాయాగ్రంథములఁ గాల్పించెను. నేఁటికి మిగిలినవి నాలుగు మాత్రమే. అయినను మాయాకుటుంబపు భాషలు లక్షలాదిజనుల నోట నేఁటికిని జీవించియున్నవి. ఆ జీవద్భాషల సాయముననే శిలాలిపి మఱల మాటలాడినది. కావున వీరి శిల్పమును విమర్శింపఁ బూనువాఁడు మొదట వారి మాట వినవలయును. తరువాతనే తన లక్షణగ్రంథమును దెఱవవలయును.