పొట్లం కట్టే చెయ్యి

మెట్టప్రాంతంలోని ఆత్మకూరు, ఉదయగిరి అంగళ్లలో రెండు రకాల సరుకు పక్కపక్కనే ఉంటుంది. ఒకటి కంపెనీ ప్యాకెట్టు, రెండోది శెట్టిగారు మన కళ్లముందే తూచి కట్టిచ్చే పొట్లం.

ప్యాకెట్టు వెనక పనితనమూ తక్కువది కాదు. ఫ్యాక్టరీలో స్లీవింగ్ మెషిన్ ఉంటుంది. మడిచి పేర్చిన అట్ట తొడుగుల్ని గాలి పీల్చే రబ్బరు కప్పులు ఒక్కొక్కటిగా లాగి విప్పుతాయి. బెల్టు మీద వచ్చే ట్రే అందులోకి దూరుతుంది. సీసాలకైతే అచ్చేసిన ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేడి సొరంగంలోంచి పంపిస్తారు. అది ముడుచుకుని సీసా ఒంపుల్ని పట్టేస్తుంది. నిమిషానికి పదుల కొద్దీ తయారవుతాయి. తయారీ తేదీ, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూసి కొనుక్కోవచ్చు. ఇది చిన్న మేలు కాదు.

కానీ కొలత మారితే యంత్రాన్ని ఆపి సర్దాలి. పొట్లానికి ప్రతిసారీ కొలత మారేదే. పది రూపాయల చింతపండైనా కిలో బెల్లమైనా అదే చెయ్యి కడుతుంది. గుప్పెడు మిరియాలకైతే కాగితాన్ని గరాటులా చుట్టి, కింది కొస మడిచి, సరుకు పోసి, పై అంచుల్ని లోపలికి దోపుతారు. పప్పులకు పని ఎక్కువ. కాగితం మధ్యలో రాశి పోసి, రెండంచులు కలిపి మడత మీద మడత దించి, పక్క చెవుల్ని ముక్కోణంగా నొక్కి అడుక్కి తిప్పుతారు. పైన వేలాడే ఉండలోంచి పురికొస లాగి అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు వేస్తారు. ముడి పడ్డాక కత్తెర వెతకరు. దారాన్ని దారం మీదే మెలేసి గుంజితే టప్పున తెగుతుంది. పిల్లవాడు దాన్ని వేలికి తగిలించుకుని పరుగెత్తినా గింజ రాలదు.

ఈ మెట్టప్రాంతంలో ఏ రోజు కూలి ఆ రోజుకే. చేతిలో ఉన్నంతకు కొనుక్కునే వీలు పొట్లమే ఇచ్చింది. ఇప్పుడు చిన్న సాషేలూ ఆ పనే చేస్తున్నాయి, కాకపోతే వాటి పొర మట్టిలో కలవదు.

పొట్లంలో లోపమల్లా పాత న్యూస్‌పేపరే. నూనె ఓడే వేడి బజ్జీకి ఆ సిరా అంటుకుని కడుపులోకి పోతుంది. అందుకే 2018 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్యాకేజింగ్ నిబంధనలు తినేవాటిని న్యూస్‌పేపర్లో చుట్టకూడదన్నాయి. సబబైన మాట. కాగితం మార్చుకుంటే చాలు, పనితనాన్ని వదులుకోనక్కర్లేదు.

ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గర్వపడాల్సిందే. అదే ఊళ్లో పొట్లం కట్టే నేర్పును మాత్రం పనితనమని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అంగడివాళ్లకు నా మనవి ఒక్కటే: అచ్చులేని మంచి కాగితం వాడండి, బజ్జీలకు అరిటాకు వేయండి, కొట్లో కూర్చునే కుర్రాళ్లకు ఆ ముడి నేర్పండి. కొనేవాళ్లు కూడా ప్లాస్టిక్ కవరు అడక్కుండా పొట్లమే కట్టివ్వమనండి.