క్రౌన్ పళ్ళ లెక్క

గుంటూరు, ప్రకాశం దారుల మీద ఒకే పూట మూడు రకాల లోడ్లు కనిపిస్తాయి. చీమకుర్తి నుంచి వచ్చే గ్రానైట్ దిమ్మ చూడ్డానికి చిన్నదే, బరువు మాత్రం టన్నుల్లో ఉంటుంది. జిన్నింగ్ మిల్లుకు వెళ్ళే విడి పత్తి క్యాబిన్‌ను మించి పైకి లేస్తుంది. బరువు కొంచెమే, దాన్ని ఆపేది ఎదురుగాలి. మిర్చి టిక్కీలు ఈ రెండింటికీ మధ్య రకం. వీటిని మోసే బళ్ళకు ఇంజన్ ఒకటే కావచ్చు, గేర్‌బాక్సూ ఒకటే కావచ్చు. యాక్సిల్ హౌసింగ్ లోపలి క్రౌన్, పినియన్ పళ్ళ లెక్క మాత్రం ఒక్కటైతే మూడింటికీ కుదరదు. 1960లలో మొదలైన విజయవాడ ఆటోనగర్‌లోనూ, గుంటూరు, ఒంగోలు షెడ్లలోనూ ఈ లెక్క తెలిసిన పనివాళ్ళు తరాలుగా ఉన్నారు. ఆ పళ్ళ నిష్పత్తిని, అంటే రేషియోను, మార్చడమే వాళ్ళ గొప్పదనమని బయటివాళ్ళు అనుకుంటారు. నా మటుకు, మార్చడం రెండో మెట్టు. హౌసింగ్ విప్పకముందే ఉన్న రేషియో ఏమిటో తేల్చడం, ఆ తేల్చిన దాన్నిబట్టి చాలాసార్లు మార్పు వద్దని చెప్పగలగడం, ఇదీ ఆ విద్యలో అసలు విలువైన భాగం. నాలుగు చక్రాలూ లాగే బండి విషయంలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది.

విడిభాగాల దుకాణంలో టాటా లారీకి క్రౌన్ అడిగితే 6/41 కావాలా, 7/41 కావాలా అంటారు. ముందుది పినియన్ పళ్ళు, వెనకది క్రౌన్ పళ్ళు. 41ని 6తో భాగిస్తే 6.83, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్ట్ దాదాపు ఏడు చుట్లు తిరగాలి. లాగుడు పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. 7/41 అయితే 5.86, పరుగు పెరిగి లాగుడు తగ్గుతుంది. 6/42 అని ఎందుకు చేయరంటే, 42ని 6 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి పినియన్‌లోని ఒక పన్నుకు ఎప్పుడూ క్రౌన్‌లోని అవే ఏడు పళ్ళు తగులుతాయి. ఒక పన్ను మీద గీత పడితే ఆ ఏడే అరుగుతాయి. 41 అయితే ప్రతి పన్నూ వంతులవారీగా అన్నింటినీ కలుస్తుంది, అరుగుదల సమంగా పంచుకుంటుంది. అందుకే ఎవరైనా 6/42 అని చెబితే, అనుభవజ్ఞుడు మళ్ళీ లెక్కపెట్టమంటాడు.

జీపు సంగతికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడిన విల్లీస్ జీపు రేషియో 4.88, అంటే 8/39. 1945లో అదే కంపెనీ దాన్ని వ్యవసాయపు బండిగా మార్చి సీజే-2ఏ అని పేరు పెట్టినప్పుడు 5.38కి, అంటే 8/43కి వెళ్ళింది. నాగలి లాగాల్సిన బండికి పరుగు కన్నా పట్టు ముఖ్యమని తయారుచేసినవాళ్ళే ఒప్పుకున్నట్టు. మహీంద్రా 1947లో మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది ఈ విల్లీస్ కుటుంబం జీపులనే. వాటికి 8/39, 8/43 జతలు రెండూ సరిపోతాయి. తంటా అంతా అక్కడే. బయటి నుంచి చూస్తే రెండు హౌసింగ్‌లకూ తేడా కనపడదు. కవర్ బోల్టు కింద ఉండాల్సిన రేషియో బిళ్ళ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. ఉన్నా, లోపల జత మారిందో లేదో అది చెప్పదు.

కనుక లెక్కే దిక్కు. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు అడ్డం పెట్టి, ఒక వెనక చక్రాన్ని మాత్రం లేపి స్టాండు మీద నిలుపుతారు. గేరు, ముందు వెనక షాఫ్ట్‌లకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ రెండూ న్యూట్రల్‌లో ఉంచాలి. పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాన్ని కాక షాఫ్ట్‌నే పట్టుకుంటుంది, దాన్నీ వదలాలి. టైరు మీద ఒకటి, షాఫ్ట్ మీద ఒకటి సుద్దగీత. రెండో చక్రం నేలమీద కదలకుండా ఉంది కాబట్టి, డిఫరెన్షియల్ వల్ల లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితే లోపలి క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది. కొత్తవాడు రెండు చుట్లు తిప్పి, షాఫ్ట్ ఐదుకు అటూఇటూగా తిరిగిందంటాడు. ఆ అటూఇటూ దగ్గరే 4.88కీ 5.38కీ గొడవ. చెయ్యి తిరిగినవాడు ఇరవై చుట్లు తిప్పిస్తాడు. షాఫ్ట్ 48 ముప్పావు దగ్గర ఆగితే 8/39, 53 ముప్పావు దగ్గర ఆగితే 8/43. ఐదు చుట్ల తేడా గుడ్డివాడికీ తెలుస్తుంది. పైసా ఖర్చు లేని పద్ధతి, కానీ తప్పు పోయే సందు దాదాపు లేదు. లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటే మాత్రం రెండు చక్రాలూ లేపి కలిపి తిప్పాలి; అప్పుడు పది చుట్లే చాలు.

ఇదే లెక్క ముందు యాక్సిల్‌కూ చేస్తేగాని పని పూర్తి కాదు. పాత ఫోర్ వీల్ జీపుల్లో ముందు వెనకల మధ్య డిఫరెన్షియల్ ఉండదు; ఫోర్ వీల్ లివర్ వేశాక రెండు షాఫ్ట్‌లూ ఒకే వేగంతో తిరుగుతాయి. పాతసామాను దుకాణంలో కొన్న హౌసింగ్ వెనక పడి, ముందు 4.88, వెనక 5.38 ఉందనుకోండి. వంద మీటర్లకు పది మీటర్ల పోరు. తడిసిన నల్లరేగడిలో చక్రాలు జారి ఆ పోరును మింగేస్తాయి, డ్రైవరుకు తెలియదు. తారు మీద జారడానికి వీల్లేదు. టైర్లు కోసుకుపోతాయి, లివర్ బిగుసుకుంటుంది, చివరికి బలహీనంగా ఉన్నచోట విరుగుతుంది. రేషియో ఒక్కటీ చూసి ఆగకూడదు, టైరునూ కలిపి చూడాలి. టైరు పదోవంతు ఎత్తు పెరిగితే 5.38 దాదాపు 4.88లా నడుస్తుంది. లాగుడు తగ్గిందని వచ్చిన బండికి చాలాసార్లు కావలసింది కొత్త క్రౌన్ కాదు, కంపెనీ చెప్పిన సైజు టైరు.

మార్పు తప్పదని తేలితే క్రౌన్, పినియన్ జతగానే మారాలి. ఫ్యాక్టరీలో ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి రాపిడి పెట్టి కలిపారు. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే కూత మొదలవుతుంది. పినియన్ లోతు, బేరింగ్ బిగింపు, పళ్ళ మధ్య ప్లే, ఈ మూడూ షిమ్‌లతో కుదరాలి. జీపు సైజు హౌసింగ్‌లో ఆ ప్లే మిల్లీమీటరులో పావు వంతు లోపే. కుదిరిందో లేదో చెప్పేది డయల్ గేజీ ఒక్కటే కాదు. క్రౌన్ పళ్ళు నాలుగింటికి రెడ్‌లెడ్ పలచగా పూసి, కొంచెం అదిమిపట్టి తిప్పుతారు. ఎర్రపూత చెరిగిన ముద్ర పన్ను మధ్యలో పడాలి. మొదట్లో పడితే పినియన్ మరీ లోపలికి వెళ్ళింది, పైఅంచున పడితే ఇంకా లోపలికి వెళ్ళాలి. ఆ ముద్ర కోసం షిమ్ మార్చి మళ్ళీ మళ్ళీ బిగించే ఓపిక లేనివాడికి ఈ పని ఇవ్వకపోవడమే మేలు. నైంటీ ఆయిల్ పోశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు లోడు లేకుండా నడపాలి.

లో గేరు ఉండగా రేషియో గొడవ ఎందుకని అడిగేవాళ్ళున్నారు. ట్రాన్స్‌ఫర్ లో గేరు బురదలోంచి పాకడానికి, దినమంతా తారు మీద లోడు లాగడానికి కాదు. విల్లీస్ వాళ్ళు కూడా రైతు జీపుకు లో గేరు రేషియోను పెంచి, ఆపైన యాక్సిల్‌నూ మార్చారు. మరికొందరు మార్చాకా మైలేజీ తగ్గలేదని మీటరు చూపిస్తారు. పాత జీపు మీటరు షాఫ్ట్ చుట్లనే లెక్కిస్తుంది, 4.88 తీసి 5.38 వేస్తే నిజంగా నడిచిన 100 కిలోమీటర్లను 110గా చూపిస్తుంది. మీటరు గేరు మార్చకుండా డీజిల్ లెక్క వేయడం తమను తాము మోసం చేసుకోవడమే. చట్టపరమైన అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన రేషియోల్లోంచే ఎంచుకోవడం అన్నివిధాలా క్షేమం.

ఇక కొత్త బళ్ళకు ఆరు గేర్లు, కంప్యూటర్లు వచ్చాయి, ఈ విద్యకు కాలం చెల్లిందంటారు. మార్చే పని తగ్గిందన్నమాట నిజమే. లెక్కపెట్టే పని మాత్రం పొలంలోకి వచ్చింది. ఈ జిల్లాల నేలల్లో ఇప్పుడు నాలుగు చక్రాల డ్రైవ్ అంటే ఎక్కువగా ట్రాక్టరే. అందులో ముందు చక్రం అంచు వెనకదానికన్నా కాస్త వేగంగా నడిచేలా కంపెనీయే పెడుతుంది, సాధారణంగా నూటికి ఒకటి నుంచి ఐదు లోపు. వెనక కొత్త టైర్లు, ముందు అరిగినవి ఉంటే ఆ లెక్క చెడుతుంది. గట్టి నేల మీద ఒకే దూరాన్ని రెండుసార్లు నడిపి ముందు చక్రం చుట్లు లెక్కపెట్టాలి: ఒకసారి డ్రైవ్ తీసేసి, ఒకసారి వేసి. తీసినప్పుడు 20, వేసినప్పుడు 20.6 వస్తే నూటికి మూడు, బాగానే ఉంది. 20కన్నా తక్కువ వస్తే ముందు చక్రాలు లాగడం మాని బండిని ఆపుతున్నాయి. అప్పుడు విప్పాల్సింది హౌసింగ్ కాదు, టైర్లు.