చందమామ ఎవరి మామ?

తెలుగువాడి చందమామ పాటల్లో 'మిస్సమ్మ' (1955) పాటకు పెద్దపీట. రాసింది పింగళి. బాణీ కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఇంటిపేరులోనే ఊరుంది. సాలూరు పక్కన శివరామపురం ఆయన పుట్టిన పల్లె. ఆ పాట కూనిరాగం తీయని ముస్లిం ఇల్లు మా ఉత్తరాంధ్రలో అరుదు. పాట మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ చందమామ విన్న కథతోనే.

కథ తెలిసిందే. ఉద్యోగం కోసం ఓ హిందూ యువకుడు, మేరీ అనే క్రైస్తవ యువతి భార్యాభర్తలమని అబద్ధమాడతారు. ఒకరి మీద ఒకరు చందమామకు ఫిర్యాదు చేసుకుంటారు. రెండు మతాల మధ్య చంద్రుడు పెద్దమనిషి! ఎంత బాగుంది! కానీ చివరికేమైంది? మేరీ మేరీ కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలింది. అప్పుడే పెళ్లికి దారి దొరికింది. మేరీ మేరీగానే ఉండిపోతే ఆ పెద్దమనిషి తీర్పు ఏమయ్యేది? మన అభ్యుదయం అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. 'నువ్వూ మావాడివే' అనడానికి ముందు 'పుట్టుకతో నువ్వు మావాడివే' అని రుజువు కావాలి. ఈ రుజువే నేటికీ ముస్లింని అడుగుతున్నారు.

అడిగే తీరు సాహిత్యంలో మరింత నాజూకుగా ఉంటుంది. 'మీ కేలండర్‌కు రుతువులు లేవు కదా, ఈ నేల కాలంతో మీకేం సంబంధం?' అంటారు. ఈ మాటకు జవాబు చెప్పాలి.

చంద్రమానపు ఏడాది సుమారు 354 రోజులు. సూర్యుడి లెక్కకు పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి పంచాంగం దాదాపు 32, 33 నెలలకోసారి అధికమాసం కలుపుతుంది. అరబ్బులు నెలల్ని వెనక్కి జరిపే 'నసీ' ఆచారాన్ని ఖురాన్ (సూరా తౌబా) తప్పుపట్టింది. అందుకే హిజ్రీ నెలలు ఒక రుతువు దగ్గర కట్టుబడి ఉండవు. సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులూ తిరిగి వస్తాయి. 1985లో మండుటెండల్లో వచ్చిన రంజాన్ 1998 జనవరిలో చలిలో వచ్చింది. 2018లో మళ్లీ రోహిణి కార్తెలోకి చేరింది. రోళ్లు పగిలే ఎండలో లారీ బాడీలు కట్టే మనిషి రోజా ఉంటే, గుక్కెడు నీళ్లు లేకుండా మగ్‌రిబ్ దాకా కాలాన్ని నాలుక మీద మోస్తాడు. అతనికా రుతువులు తెలియనివి?

2018లో ఇంకో సంగతి. ఆ ఏడు అధిక జ్యేష్ఠం మే 16న మొదలైంది. రంజాన్ మే 17న. పంచాంగం శుభకార్యాలకు పనికిరాదన్న నెల, మాకు పన్నెండు నెలల్లో పవిత్రమైన నెల. రెంటికీ చంద్రుడొక్కడే! అంతకుముందు 2016లో దసరా అక్టోబరు 11, మొహర్రం 12. దశమి, 'ఆషూరా' రెండూ పదో రోజులే. అధికమాసం వచ్చిన 2018లో మొహర్రం సెప్టెంబరుకు, దసరా అక్టోబరుకు విడిపోయాయి. కలిసి నడవడం, విడిపోవడం, మళ్లీ కలవడం: రెండు లెక్కల మధ్య ఉన్నది ఇదే. పగ కాదు. తెలుగువాళ్ల విదియ చంద్రుడూ, మా ఈద్ కా చాంద్ ఒకటే. షబేబరాత్ రాత్రి ఆకాశంలో ఉండేది పున్నమి వెన్నెలే.

సాలూరుకు పడమట కొండలు. నెలవంక కనబడేదీ పడమటే, అదీ కాసేపే. కొండ అడ్డమొస్తే మరో ఊరి కబురు కోసం ఆగాలి. అంటే మా పండగ నేలను బట్టి, మబ్బును బట్టి, కొండను బట్టి వస్తుంది. దీన్ని 'అరబ్బు కాలం' అనడం ఎంత అన్యాయం!

మావాళ్లనూ ఒక మాట అనాలి. పంచాంగం మాటెత్తితేనే బిదత్ అనేవాళ్లు, పీర్ల పండగలో హిందువులు కలవడమే తప్పనేవాళ్లు మాలో బయల్దేరారు. ఉర్దూ గజల్లో చాంద్ మాషూకా ముఖంగా వెలిగినంత, తెలుగు ముస్లిం కూలీ ఇంటి మీద వెలగలేదు. 1998లో 'జల్‌జలా' వచ్చాక మా గొంతు తెలుగు కవిత్వంలో వినబడింది. మా కాలం కూడా అంత గట్టిగా వినబడాలి.

ఇక ఆ కొండల మీది వాళ్లు? సవరలకు, జాతాపులకు ఏడాదిని చెప్పేది పంట. కొత్త పండగ చేయనిదే కొత్త పంట నోట పెట్టరు. కంది కొత్త, మామిడి కొత్త వాళ్ల తిథులు. ఉగాది కవి సమ్మేళనంలో మామిడి పూతకు ఉన్న కుర్చీ, మామిడి కొత్తకు ఎప్పుడైనా వేశారా? రుతువులతో కలిసి బతకడం తెలుగుదనానికి గీటురాయైతే, ముందు వరసలో కూర్చోవలసింది వాళ్లే.

మేం అడిగేది జాలి కాదు, కలుపుకుపోవడమూ కాదు. తెలుగు కాలానికి మూడు లెక్కలున్నాయని విమర్శకులు ఒప్పుకోవాలి. పంచాంగం, హిజ్రీ, కొండపంట. మేరీ మేరీగానే, మస్తాన్ మస్తాన్‌గానే, సవర సవరగానే చందమామను మామా అని పిలిచే హక్కు కావాలి. పుట్టుమచ్చలు చూపించమని అడగకుండా.