ప్రతిని చదవటం, పఠితను పునర్నిర్మించటం: రక్షిత ఫ్లాపీ డిస్కుల ఎమ్యులేషన్‌పై పాఠపరిష్కరణ దృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం: నకలు తీయటానికి వీలు లేకుండా తయారు చేసిన పాత ఫ్లాపీ డిస్కులను నేటి కంప్యూటర్లలో చదవటానికి ఫ్లాపీ కంట్రోలర్‌నే సాఫ్ట్‌వేర్‌గా మళ్ళీ నిర్మిస్తున్నారు. ఈ పనిని సాంకేతిక నైపుణ్యంగానే ఇంతవరకు చర్చించారు. ఇది ప్రధానంగా పాఠపరిష్కరణ సమస్య అని, తిరుమల శాసనాలు, తాళ్ళపాక రేకుల పరిష్కరణలో మనకు అలవాటైన ప్రశ్నలే ఇక్కడా ఎదురవుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దక్షిణ రాయలసీమలో ఫ్లాపీల మీద మిగిలిన తెలుగు రచనలకు ఈ చర్చతో ఉన్న సంబంధాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఫ్లాపీ కంట్రోలర్, ఎమ్యులేషన్, పాఠపరిష్కరణ, లేఖకదోషం, గ్రంథపాతం, ఎస్టాంపేజీ.

1. కంట్రోలర్ అనే లేఖకుడు

తాళపత్రాన్ని చదవటానికి కన్ను, లిపిజ్ఞానం చాలు. ఫ్లాపీని కన్ను చదవలేదు. తిరుగుతున్న పళ్ళెం మీద అయస్కాంత దిశ ఎప్పుడెప్పుడు మారిందో డ్రైవులోని హెడ్ గుర్తిస్తుంది. ఆ మార్పుల మధ్య గడిచిన కాలాన్ని బట్టి బిట్లను ఏర్పరచి, ఆనవాలు గుర్తులను వెతికి, ట్రాకు సంఖ్య, సెక్టారు సంఖ్య ఉన్న శీర్షికను చదివి, దాని తరువాత వచ్చే సమాచారాన్ని సీఆర్‌సీ అనే రెండు బైట్ల సరిచూపు సంఖ్యతో పోల్చి, చివరకు కంప్యూటరుకు అందించేది కంట్రోలర్ చిప్పు. 1.44 ఎంబీ ఫ్లాపీలో రెండు వైపులా 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. ఈ చక్కని లెక్క డిస్కు మీద గీసి ఉన్నది కాదు. కంట్రోలర్ అలా చదివి చెప్పటం వల్ల మనకు తెలిసినది. డిస్కుకూ మనకూ మధ్య ఎప్పుడూ ఒక లేఖకుడు ఉన్నాడు.

ఈ లేఖకులందరి చదువూ ఒకటి కాదు. బీబీసీ మైక్రో తొలి నమూనాల్లో ఇంటెల్ 8271, అటారీ ఎస్‌టీలో వెస్టర్న్ డిజిటల్ 1772, ఐబీఎం పీసీలో ఎన్‌ఈసీ 765 వాడారు. అమీగాలో ఇలాంటి ప్రత్యేక కంట్రోలరే లేదు. పౌలా అనే చిప్పు ముడి బిట్లను అందిస్తే మిగిలిన పని సాఫ్ట్‌వేర్ చూసుకునేది. ఆపిల్ 2 కోసం స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన డ్రైవు వ్యవస్థ కూడా బిట్లకు అర్థం చెప్పే పనిని సాఫ్ట్‌వేర్‌కే వదిలింది. 1984-85లో మన దేశంలో పాఠశాలల కోసం మొదలైన క్లాస్ పథకం ఎంచుకున్న యంత్రం బీబీసీ మైక్రోయే కనుక, 8271 ఎలా చదివేదన్న ప్రశ్న మనకు పూర్తిగా పరాయిది కాదు.

2. దోషమే సంకేతం

నకలు చేసేవారిని అడ్డుకోవటానికి 1980లలో సాఫ్ట్‌వేర్ సంస్థలు డిస్కు మీద పన్నిన ఉపాయాల్లో చాలావరకు ఈ లేఖకుని పరిమితుల మీదనే ఆధారపడ్డాయి. సామాన్య కంట్రోలర్ చదవగలిగినా తిరిగి రాయలేని దాన్ని డిస్కు మీద ఉంచటమే అసలు సూత్రం. సెక్టారు శీర్షికలో అబద్ధపు ట్రాకు సంఖ్య వేయటం, కావాలనే తప్పు సీఆర్‌సీ ఉంచటం, ఒకే సంఖ్యతో రెండు సెక్టార్లు పెట్టటం వంటివి ఈ కోవలోనివి. డిస్కును కర్మాగారంలో తయారు చేసే యంత్రం వీటిని సులువుగా రాస్తుంది. ఇంట్లోని కంప్యూటరులో వాడే మామూలు నకలు ప్రోగ్రాము రాయలేదు.

వీటిలో రెండు ఉపాయాలు విమర్శకునికి ప్రత్యేకంగా ఆసక్తికరమైనవి. 1987లో ఎఫ్‌టీఎల్ సంస్థ అటారీ ఎస్‌టీ కోసం విడుదల చేసిన 'డంజన్ మాస్టర్' ఆటలో కొన్ని బిట్లను సున్నా అనో ఒకటి అనో తేల్చలేని చోట రాశారు. ఒకే సెక్టారును రెండుసార్లు చదివితే రెండు పాఠాలు రావాలి. రెండుసార్లూ ఒకే పాఠం వస్తే అది నకలు అని ఆట గ్రహిస్తుంది. రాబ్ నార్తెన్ రూపొందించిన 'కాపీలాక్' అక్షరాన్ని వదిలి కాలాన్ని ఆశ్రయించింది. కొన్ని బిట్లను మామూలు కంటే భిన్నమైన వేగంతో రాసి, ఆ సెక్టారును చదవటానికి పట్టిన సమయాన్ని కొలిచేది. బైట్లన్నీ సరిగ్గా ఉన్నా, చదివిన వేగం తేడాగా ఉంటే ఆ ప్రతి చెల్లదు.

పాఠపరిష్కర్తకు ఇది విచిత్రమైన స్థితి. మన శాస్త్రంలో పాఠభేదం అంటే రెండు ప్రతుల మధ్య భేదం. ఇక్కడ ఒకే ప్రతి తనతో తానే విభేదిస్తుంది, ఆ విభేదమే కర్త ఉద్దేశించిన పాఠం. అంతకంటే చిక్కు మరొకటి ఉంది. తప్పు సీఆర్‌సీ ఎదురైనప్పుడు కంట్రోలర్ ఒకే మాట చెబుతుంది: ఈ సెక్టారు చెడింది. అది కర్మాగారంలో బుద్ధిపూర్వకంగా పెట్టిన తప్పో, 30 ఏళ్ళు బీరువాలో పడి ఉండటం వల్ల పట్టిన బూజో చెప్పే మార్గం దానికి లేదు. లేఖకదోషానికీ కవి ప్రయోగానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మనకు పాత తగవే. దాన్ని తేల్చటానికి వ్రాతప్రతుల విషయంలో మనం వాడే సాధనాలే ఇక్కడా ఉన్నాయి. అదే రచన ప్రతులు మరికొన్ని సేకరించి పోల్చాలి. ఆ సెక్టారును చదివే ప్రోగ్రాము ఏమి ఆశిస్తున్నదో పరిశీలించాలి. ఒకే చోట అన్ని ప్రతులూ 'చెడి' ఉంటే అది చెడటం కాదు.

3. ఎస్టాంపేజీ, శుద్ధప్రతి

డిస్కును భద్రపరచే పద్ధతులు స్థూలంగా రెండు. మొదటిది సెక్టారు ఇమేజి. డిస్కును మామూలు కంట్రోలర్‌తో చదివించి, అది ఇచ్చిన బైట్లను వరుసగా ఒక ఫైలులో పేర్చటం. రెండవది ఫ్లక్స్ ఇమేజి. క్రయోఫ్లక్స్, సూపర్‌కార్డ్ ప్రో, గ్రీజ్‌వీజల్ వంటి పరికరాలు కంట్రోలర్‌ను పక్కన పెట్టి, అయస్కాంత మార్పుల మధ్య కాలవ్యవధులను ఉన్నవి ఉన్నట్లు నమోదు చేస్తాయి. ఫైలు చాలా రెట్లు పెద్దదవుతుంది, వెంటనే చదవటానికి పనికిరాదు.

తిరుమల ఆలయ ప్రాకారాల మీది శాసనాలు 1930 దశకంలో దేవస్థానం సంపుటాలుగా వెలువడిన చరిత్ర తెలిసినవారికి ఈ తేడా కొత్తగా తోచదు. శాసనశాస్త్రంలో తడి కాగితాన్ని రాతి మీద అద్ది, సిరా పూసి తీసే ఎస్టాంపేజీ ఒక మెట్టు. దాన్ని చదివి పాఠం రాయటం మరొక మెట్టు. రాతి పగులు కూడా ఎస్టాంపేజీలో పడుతుంది. అది పగులో, అక్షరంలో గీతో తరువాత వచ్చే పండితుడు తేల్చుకుంటాడు. ముందు చదివినవాడు తప్పు చదివినా నష్టం లేదు, ఎస్టాంపేజీ ఉంది. ఫ్లక్స్ ఇమేజి ఎస్టాంపేజీ లాంటిది. సెక్టారు ఇమేజి సి.పి.బ్రౌన్ పండితుల చేత రాయించిన శుద్ధప్రతి లాంటిది. ఎన్నో ప్రతులను పోల్చి బ్రౌన్ తయారు చేయించిన ఆ ప్రతుల వల్ల తెలుగు సాహిత్యానికి జరిగిన మేలును ఎవరూ కాదనలేరు. అయితే మూలప్రతి పోతే, శుద్ధప్రతిలో ఏది పండితుని దిద్దుబాటో తెలుసుకునే మార్గం కూడా పోతుంది. సెక్టారు ఇమేజి దోషం కూడా సరిగ్గా ఇదే. సేకరణనూ పఠనాన్నీ ఒకే చర్యగా కలిపేసి, ఆ కలిపిన సంగతిని దాచిపెడుతుంది.

ఈ ఉపమానాన్ని ఒక హద్దు దాటి లాగకూడదు. రాయి కదలదు, డిస్కు తిరుగుతుంది. ఒక్క భ్రమణాన్నే నమోదు చేస్తే 'డంజన్ మాస్టర్' బిట్లు ఆ క్షణంలో ఎలా కనిపించాయో అలా గడ్డకడతాయి, వాటి అస్థిరత కనపడదు. అందుకే ఒకే ట్రాకును పలు భ్రమణాల పాటు నమోదు చేస్తారు. అప్పుడు కూడా మనకు దక్కేది కొన్ని పఠనాల సమాహారం మాత్రమే.

2001లో క్యాప్స్ పేరుతో అమీగా సాఫ్ట్‌వేర్ కోసం మొదలై తరువాత సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ సొసైటీగా మారిన బృందం రూపొందించిన ఐపీఎఫ్ ఫైలు పద్ధతిని ఈ సందర్భంలో విడిగా చూడాలి. అది డిస్కు ఎలా ఉన్నదో చెప్పటంతో ఆగదు. కర్మాగారం ఏమి రాయదలచిందో నిర్ణయించి దాన్నే వర్ణిస్తుంది. అంటే అది పరిష్కృత ముద్రణ. ప్రతి ట్రాకు నిర్మాణాన్నీ అర్థం చేసుకుంటే గాని అలాంటి ఫైలు తయారు కాదు కనుక దాని వెనుక పాండిత్యం గొప్పదే. కాని ముడి సాక్ష్యాన్ని పక్కన ఉంచకుండా ఐపీఎఫ్ ఒక్కదాన్నే పంచితే, అధస్సూచికలు లేని పరిష్కరణను ఎంత నమ్మాలో దాన్నీ అంతే నమ్మాలి.

4. పఠిత పునర్నిర్మాణం

ఎస్టాంపేజీ చేతిలో ఉన్నంత మాత్రాన చదువు వచ్చినట్లు కాదు. 'డంజన్ మాస్టర్' ఆడాలంటే 1772 చిప్పు ఆ కాలవ్యవధులను ఎలా చదివేదో అలాగే చదివే సాఫ్ట్‌వేర్ కావాలి. సాధారణ ఎమ్యులేటరుకు ఇంత శ్రమ లేదు. 'ఫలానా సెక్టారు ఇవ్వు' అని ప్రోగ్రాము అడిగితే ఫైలులో ఆ స్థానం నుంచి బైట్లు తీసి ఇస్తుంది. రక్షిత డిస్కు దగ్గర ఈ పద్ధతి పనికిరాదు. తిరుగుతున్న పళ్ళెం ఈ క్షణంలో ఏ కోణంలో ఉందో, బిట్ల ప్రవాహంలో ఆనవాలు గుర్తు ఎప్పుడు దొరికిందో, వేగం కాస్త తగ్గితే చిప్పు దానితో ఎలా సర్దుకుందో, ఒక్కొక్క బైటు ఏ మైక్రోసెకనులో చేరిందో అన్నిటినీ అనుకరించాలి. మేమ్ ప్రాజెక్టు ఫ్లక్స్ స్థాయిలో చేపట్టిన అనుకరణ ఈ మార్గంలో నడిచినదే. ఇక్కడ చిప్పు లోపాలు కూడా అనుకరణకు అర్హమైనవే. చిప్పు పొరబడే తీరును దిద్దిన ఎమ్యులేటరు ముందు, ఆ పొరబాటును నమ్ముకున్న డిస్కు నోరు విప్పదు.

ఈ పద్ధతి విషయంలో నా ఆక్షేపణ ఒకటే. తేలని బిట్టు దగ్గరకు వచ్చేసరికి ఎమ్యులేటరు యాదృచ్ఛిక సంఖ్యను తానే పుట్టిస్తుంది. డిస్కు మీద భౌతికమైన సందిగ్ధత ఉన్నచోట ఎమ్యులేటరులో గణితమైన పాచిక ఉంది. ఆట ఆ రెండిటికీ తేడా తెలుసుకోలేదు, అందుకే నడుస్తుంది. ఆట నడిచింది కాబట్టి పఠనం సరైనదని తీర్మానించటం ఈ రంగంలో తరచుగా వినిపించే తర్కం. ఛందస్సు కుదిరింది కాబట్టి పూరణ కవిదే అనే వాదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. గ్రంథపాతాన్ని పూరించటంలో తప్పు లేదు, పూరించిన చోటుకు గుర్తు పెట్టాలి.

మరొక మార్గం రక్షణనే తొలగించటం. క్రాక్ చేసిన ప్రతుల్లో తనిఖీ చేసే భాగాన్ని తీసివేస్తారు. వాటిని ప్రక్షిప్తాలని తోసివేయటం సులభం. కాని క్రాక్ చేసినవారి పుణ్యమా అని మాత్రమే మనకు చేరిన ప్రోగ్రాములు ఉన్నాయి. వాటి మొదట్లో తమ పేర్లతో వారు చేర్చిన తెరలు తాళపత్రం చివర లేఖకుడు రాసుకునే గద్యకు బంధువులు. ఆ ప్రతి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలిపే ఆధారాలుగా వాటికీ విలువ ఉంది.

5. మన ఫ్లాపీలు

ఇదంతా విదేశీ ఆటల సంగతి కదా అనే ప్రశ్న సహజం. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు పరిశోధన టైపు మిషను నుంచి డీటీపీకి మారిన కాలం, ఫ్లాపీ చలామణీలో ఉన్న కాలం ఒకటే. డీటీపీ కేంద్రం నుంచి ముద్రణాలయానికి పుస్తకం ఫ్లాపీ మీదనే వెళ్ళేది. అచ్చుకాని ముసాయిదాలు, గైడు సూచనతో తొలగించిన అధ్యాయాలు, చిన్న పత్రికల కూర్పులు ఎక్కడైనా మిగిలి ఉన్నాయంటే అలాంటి డిస్కుల మీదనే ఉండాలి. వీటి మీద నకలు రక్షణ లేకపోవచ్చు. కాని పాతబడిన డిస్కు కంట్రోలర్ ముందు రక్షిత డిస్కులాగానే ప్రవర్తిస్తుంది: అదే సీఆర్‌సీ దోషం, చదివిన ప్రతిసారీ మారే అవే బిట్లు. ఆటల ప్రియులు రక్షణను ఛేదించటానికి తయారు చేసుకున్న ఫ్లక్స్ పరికరాలే శిథిలమైన సిద్ధాంత వ్యాసాన్ని చదవటానికీ పనికివస్తాయి. పలు భ్రమణాల పఠనాలను పోల్చి, సీఆర్‌సీ సరిపోయే పాఠాన్ని ఎంచుకోవటం అచ్చంగా ప్రతుల సంకలన పద్ధతి.

బైట్లు దక్కిన తరువాత రెండవ తాళం ఎదురవుతుంది. 1991లో ఇస్కీ ప్రమాణం, యూనికోడ్ తొలి కూర్పు రెండూ వెలువడినా, డీటీపీలో నడిచినవి ఎవరికి వారు రూపొందించుకున్న ఫాంటు సంకేతాలే. డిస్కు మీద 'క' అనే అక్షరం లేదు, ఏదో ఒక ఫాంటులో 'క' ఆకారం ఉన్న గడి సంఖ్య ఉంది. ఆ ఫాంటు సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరుకు తగిలించే హార్డ్‌వేర్ లాక్‌తో అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. తాళ్ళపాక రేకుల మీద కీర్తనకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వాటికి వరసలు కట్టారు, అవి రాళ్ళపల్లివారి వరసలని అందరూ చెప్పుకుంటారు. ఫాంటు సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము చేసేదీ అలాంటి పనే అయినా, ఏ వొత్తును ఏ ఊహతో సరిచేశారో చెప్పే అలవాటు అక్కడ లేదు.

చట్టం విషయం కొంత చిక్కుగా ఉంది. అమెరికాలో కాలం చెల్లిన పద్ధతుల్లో ఉండి, మూల డిస్కు లేనిదే తెరుచుకోని సాఫ్ట్‌వేర్‌కు 2003లో మినహాయింపు లభించింది. మన కాపీరైటు చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను తప్పించటాన్నే నేరంగా చూస్తుంది కనుక పరిశోధకునికి కొంత ఊపిరి ఉంది. గ్రంథాలయాల సంగతి వేరు. భద్రపరచటం కోసం రచనను ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకునే వీలు లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయానికి 52వ సెక్షను కల్పిస్తున్నది గాని, ఆ రచనకు డిజిటల్ కాని ప్రతి తన వద్ద ముందే ఉండాలని షరతు పెట్టింది. అట్టకట్టిన సిద్ధాంత గ్రంథం అలమరాలో ఉంటే దానికి ఈ నిబంధన వర్తించవచ్చు. అచ్చెరగక ఫ్లాపీ మీదనే మిగిలిన ముసాయిదాకు, కర్త గాని వారసులు గాని అనుమతిస్తే తప్ప, ఈ నిబంధన కింద చోటు లేదు.