రెండు సున్నాల విద్య

బాగా అమర్చిన చిన్న సీఎన్‌సీ రౌటర్ హోమింగ్ చేసుకునేటప్పుడు పక్కన నిలబడి చూడాలి. ముందు జెడ్ యాక్సిస్ పైకి లేస్తుంది. కింద క్లాంపు ఉన్నా, చెక్క ఉన్నా బిట్టుకి తగలకూడదు కదా! ఆ తరవాతే ఎక్స్, వై కదిలి మూలకి పరుగు తీస్తాయి. లిమిట్ స్విచ్ నొక్కుకోగానే ఆగి, కాస్త వెనక్కి జరిగి, ఈసారి నింపాదిగా వచ్చి అదే స్విచ్‌ని మళ్ళీ తాకుతాయి. ఇలాంటి చిన్న మిషన్లని నడిపే జీఆర్‌బీఎల్ ఫర్మ్‌వేర్‌లో ముందే రాసి ఉంచిన అంకెల ప్రకారం మొదటి రాక నిమిషానికి 500 మి.మీ., రెండో రాక 25 మి.మీ. మొదటిది స్విచ్ ఎక్కడుందో వెతకడానికి, రెండోది కొలవడానికి. ఈ చిన్న వరసలో ఎంత ముందుచూపు ఉందో!

ఇంత తతంగం ఎందుకంటే స్టెప్పర్ మోటారుకి కళ్ళు లేవు. ఒక చుట్టుకి 200 అడుగులు. ఒక్కో అడుగునీ డ్రైవర్ 16 ముక్కలు చేస్తే 3,200 పల్సులు. చుట్టుకి 8 మి.మీ. జరిపే స్క్రూ మీద అది మిల్లీమీటరుకి 400 పల్సులు. కంట్రోలర్ తాను పంపినవాటిని లెక్కపెట్టుకుంటుందే గానీ, గ్యాంట్రీ నిజంగా అక్కడికి చేరిందో లేదో దానికి తెలియదు. కరెంటు పోతే ఆ లెక్కా పోతుంది. మళ్ళీ ఆన్ చేసినప్పుడు తాను ఎక్కడుంటే అదే సున్నా అనుకుంటుంది. ఆ భ్రమని తీర్చేది స్విచ్ ఒక్కటే.

స్విచ్ దగ్గర దొరికేది మిషన్ సున్నా. చెక్కాల్సిన జాబ్‌కి ఉండే సున్నా వేరు. ఊరి పొలిమేరలో సర్వే రాయి ఉంటుంది, ఎవరి చేను మూల వారికి ఉంటుంది. గట్టు చెరిగిపోయినా రాయి నుంచి కొలుచుకుని మూలని మళ్ళీ పట్టుకోవచ్చు. జీ54 అనే వర్క్ ఆఫ్‌సెట్ చేసే పని సరిగ్గా ఇదే. మిషన్ సున్నా నుంచి జాబ్ మూల ఎంత దూరమో మూడు అంకెల్లో రాసిపెట్టుకుంటుంది. జీ54 నుంచి జీ59 దాకా అలాంటివి ఆరు. జీఆర్‌బీఎల్‌లో ఇవి ఈఈప్రామ్‌లో ఉంటాయి కాబట్టి కరెంటు పోయినా చెరగవు.

చరిత్ర ఒక్క ముక్కలో చెప్పాలంటే, మిషిగన్‌లో హెలికాప్టర్ రెక్కల కోసం జాన్ పార్సన్స్ మొదలుపెట్టిన ఆలోచన 1952లో ఎంఐటీ ప్రయోగశాలలో మిల్లింగ్ మిషన్‌గా నడిచింది. దాన్ని ఇంటి బల్ల మీదికి తెచ్చినవాళ్ళే ఈ వ్యాసానికి అసలు కథానాయకులు. కెనడాకి చెందిన ఆర్ట్ ఫెనర్టీ మాక్3 అనే సాఫ్ట్‌వేర్‌తో మామూలు విండోస్ కంప్యూటర్ ప్రింటర్ పోర్టు నుంచే మోటార్లు తిప్పించాడు. 2009లో నార్వేకి చెందిన సిమెన్ స్వాలే స్కాగ్స్‌రుడ్ అంతకన్నా సాహసం చేశాడు. 32 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఆర్డుయినో చిప్పులో సీఎన్‌సీ బుర్రంతా ఇమిడ్చాడు, అదే జీఆర్‌బీఎల్! 2011 నుంచి సనీ జియాన్ దాన్ని భుజానికెత్తుకుని చక్కదిద్దాడు. సెకనుకి 30 వేల పల్సులు తొట్రుపాటు లేకుండా పంపుతూనే, హోమింగ్, సాఫ్ట్ లిమిట్లు, ఆరు ఆఫ్‌సెట్లు అన్నీ అందులోనే. ఇంత పనిని ఇంత చిన్న జాగాలో ఇంత శుభ్రంగా చేసిన ఫర్మ్‌వేర్ మరొకటి లేదని జీఆర్‌బీఎల్ అభిమానులు వాదిస్తారు. ఆ వాదనలో పక్షపాతం ఉన్నా, తప్పు మాత్రం లేదు.

చేతిపనితనం ఆఫ్‌సెట్ పెట్టేటప్పుడు బయటపడుతుంది. మామూలు ప్రింటింగ్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. దాన్ని బిట్టు కింద అటూ ఇటూ జరుపుతూ, ఇంక జరగనని మొరాయించే చోట జెడ్ పట్టుకోవడం పాత లేత్ మేస్త్రీలకి వెన్నతో పెట్టిన విద్య. టచ్ ప్లేట్ ఉంటే మిషనే ఆ పని చేసుకుంటుంది: జీ38.2తో మెల్లగా దిగి ప్లేటుని తాకి ఆగుతుంది, ప్లేటు మందం 15 మి.మీ. అయితే జీ10 ఎల్20 పీ1 జెడ్15 అని రాస్తే సరి. ఇంకో మెట్టు పైకి వెళ్ళినవాళ్ళు బెడ్ మీద డోవెల్ పిన్నులు దిగ్గొట్టి, వాటి స్థానాన్ని జీ55లో శాశ్వతంగా దాచుకుంటారు. పలకని ఒక వైపు చెక్కి, తిరగేసి అవే పిన్నులకి తగిలించి రెండో వైపు చెక్కితే, అంచుల దగ్గర రెండు వైపులూ ఎక్కడ కలిశాయో గోరుతో తడిమినా దొరకదు. అలాంటి పని చూసినప్పుడు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

హోమింగ్ అయ్యాక తెర మీద సున్నాకి బదులు మూడు యాక్సిస్‌లకీ మైనస్ 1 కనిపిస్తే కొత్తవాళ్ళు కంగారుపడతారు. స్విచ్ మీద నుంచి మిల్లీమీటరు వెనక్కి జరిగింది కాబట్టి అది సరైన అంకే. అందుకే అనుభవజ్ఞులు స్పిండిల్‌ని పైకి ఎత్తడానికి మిషన్ సున్నా నుంచి కొలిచే జీ53తో జెడ్0 రాయరు, జెడ్ మైనస్ 2 రాస్తారు. లేకపోతే మిషన్ తన స్విచ్‌ని తానే గుద్దుకుని అలారంలో పడొచ్చు.

మన ఊళ్ళలో సింహద్వారాలు చెక్కే సీఎన్‌సీ షాపుల వాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. గంటల తరబడి సాగే గజలక్ష్మి పని నడుమ కరెంటు పోయిందనుకోండి. హోమింగ్, ఆఫ్‌సెట్ ఉన్న మిషన్ అయితే మళ్ళీ స్విచ్‌ని తాకి, మూలని గుర్తు తెచ్చుకుని, ఆగిన చోటుకి కొన్ని లైన్ల ముందు నుంచి అందుకుంటుంది. తేడా వచ్చినా మిల్లీమీటరులో వందో వంతుల్లోనే. టేకు మీద కంటికి ఆనదు. అవి లేని మిషన్ మీద కంటి అంచనాతో సున్నా పెడితే అమ్మవారి చెంప మీద గీత పడుతుంది. అంత కలపా వృథా!

ఇంత విద్యని చవక మిషన్ల వాళ్ళు ఏం చేశారు? 3018 పేరుతో వచ్చే బల్ల రౌటర్లు ఎన్నో లిమిట్ స్విచ్‌లు లేకుండానే అమ్ముడుపోయాయి. బోర్డు మీద స్విచ్‌ల పిన్నులు ఉంటాయి, వాటికి తగిలించే తీగే ఉండదు. లోపల నడిచేది స్కాగ్స్‌రుడ్, జియాన్‌లు లోకానికి ఉచితంగా ఇచ్చిన కోడే. హోమింగ్‌ని ఆన్ చేసే $22 సెట్టింగ్ మాత్రం సున్నాగానే ఉంటుంది. మూడు స్విచ్‌ల ఖరీదు ఎంతని? ఆ కాస్త మిగుల్చుకోవడానికి ఒక తరం అభిరుచిదారులకి మిషన్ సున్నా అనేదే తెలియకుండా చేశారు. వాళ్ళకి పాఠాలు చెప్పేవాళ్ళు కూడా బిట్టుని మూలకి జరిపి జీ92 కొట్టమంటారు. రీసెట్ నొక్కితే ఆవిరైపోయే ఆఫ్‌సెట్‌ని నమ్ముకుని ఎవరైనా రోజంతా పనిచేస్తారా? త్రీడీ ప్రింటర్ల నుంచి వచ్చినవాళ్ళది ఇంకో ప్రమాదం. ప్రింటర్ల మార్లిన్‌లో జీ28 అంటే హోమింగ్. జీఆర్‌బీఎల్‌లో అది దాచిన స్థానానికి పరుగు. ఏమీ దాచకపోతే మిషన్ సున్నాకి. హోమింగే చేయని మిషన్‌లో ఆ సున్నా ఎక్కడైనా ఉండొచ్చు, దారిలో క్లాంపు ఉందా అని అది చూసుకోదు. తిరుగుతున్న బిట్టు విరిగి ముఖం మీదికి ఎగిరితే ఎవరిది బాధ్యత?

అమ్మేవాళ్ళని అడగాలి. స్విచ్‌లు బిగించి, హోమింగ్ ఆన్ చేసి ఇస్తేనే కొంటామని ప్రతి కొనుగోలుదారూ పట్టుబట్టాలి. ఇప్పటికే కొన్నవాళ్ళు మూడు మైక్రో స్విచ్‌లు తెచ్చుకుని నార్మల్లీ క్లోజ్డ్ పద్ధతిలోనే కలుపుకోవాలి. అలా కలిపితే తీగ తెగినా మిషన్ ఆగుతుంది. నార్మల్లీ ఓపెన్‌లో తెగిందని తెలిసేలోపు గ్యాంట్రీ ఫ్రేముని గుద్దుతుంది. అందుకు తగ్గట్టు లిమిట్ పిన్నుల సెట్టింగ్ $5 మార్చాలి, స్పిండిల్ మోటారు విద్యుత్ రొద సోకకుండా తీగలు మెలిపెట్టాలి. మొదటిసారి $22ని 1 చేసి హోమింగ్ మొదలుపెట్టేటప్పుడు ఒక చెయ్యి రీసెట్ బటన్ మీదే ఉండాలి. గ్యాంట్రీ దారిలో ఉండగానే స్విచ్‌ని వేలితో నొక్కి చూడాలి. ఆగకపోతే కనెక్షన్ తప్పు, ఎదురు దిక్కుకి పోతే హోమింగ్ దిక్కు సెట్టింగ్ $23 మార్చాలి. అంతా కుదిరాక జీ54 సున్నాకి వెళ్ళి డయల్ ఇండికేటర్ ఆనించి అంకె రాసుకోవాలి. పవర్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, హోమింగ్ చేసి, అదే చోటుకి పంపి ముల్లు ఎక్కడ నిలిచిందో పోల్చుకోవాలి.