విజ్ఞానకల్పనా కథలు: పదములు, పునఃపఠనము

అద్భుతరసమునకు విస్మయము స్థాయిభావమని యాలంకారికుల మతము. తెలియని వస్తువునందే విస్మయము గలుగును. అట్లగుచో, సైన్సు ఫిక్షనని వాడుకలో నున్న విజ్ఞానకల్పనా కథను ఒకమాఱు చదివినవారు మరల చదువ నేల? కథ తెలిసిన పిమ్మట విస్మయమునకుఁ దావెక్కడిది? లోకమునఁ గనఁబడునది మాత్ర మిందులకు విరుద్ధము. ఈ కథల యభిమానులు మనసు చెడినపుడును, మేన నలఁత గలిగినపుడును క్రొత్త గ్రంథమును గోరరు; పదిమాఱులు చదివిన పాతదానినే చేతఁ బట్టుదురు. మఱియు వారు గూడినచోఁ గథల ముచ్చటకంటె మాటల ముచ్చట యెక్కువ. ఒకరికి ఆన్సిబుల్ అను మాట ప్రియము, ఒకరికి గ్రాక్ ప్రియము, వేఱొకరికి రోబోట్. ఈ రెండలవాటులకును మూల మొక్కటియే.

పునఃపఠనమునుగూర్చి ఆంగ్లవిమర్శకుఁడు సీ. ఎస్. లూయిస్ 1947లో వెలువడిన 'ఆన్ స్టోరీస్' అను వ్యాసమునఁ జెప్పినది గణింపఁదగినది. నిజమైన యాశ్చర్య మొక్కమాఱే కలుగును. మరల చదువువాఁడు వెదకునది యాశ్చర్యము గాదు, ఆశ్చర్యజనకత్వమను గుణమని యాతని తాత్పర్యము. ఇది యుచితమే. కాని యా గుణమున కాశ్రయ మేది? సంఘటన యనుటకంటెఁ బదమనుట మేలు. ఇందులకు లూయిస్ నవలయే సాక్ష్యము. 1938 నాఁటి 'అవుట్ ఆఫ్ ది సైలెంట్ ప్లానెట్' అను నా నవలలో నాయకుఁడు రాన్సమ్ భాషాశాస్త్రవేత్త. అంగారక గ్రహమున నొక వింతప్రాణి తన యెదుట నిలిచి మాటలాడుచున్నదని తెలిసినంతనే యాతని ప్రాణభయము వెనుకఁబడి, ఆ భాషకు వ్యాకరణము వ్రాయవలెనను కోరిక ముందునకు వచ్చినది. (వైయాకరణులు దీనిని హాస్యమని తలఁపరు.) ఆ గ్రహవాసులు, బుద్ధిగల ప్రాణి యేరూపమున నున్నను, దానిని 'హ్నౌ' అందురు. తొలిపఠనమున నీ మాట పొడుపుకథ. మరల చదువఁగా బంధువు పేరువలె వినఁబడును. సంఘటన తెలిసినకొలఁదిఁ బలుచనగును, పదము చిక్కనగును.

అర్సులా లె గ్విన్ 1966లోఁ బ్రకటించిన 'రొకానన్స్ వరల్డ్' అను నవలలో ఆన్సిబుల్ మొదటఁ గానవచ్చును. నక్షత్రమునుండి నక్షత్రమునకుఁ గాంతియే యేండ్లకొలఁదిఁ బయనింపవలసిన విశ్వమున, క్షణములో వార్త నందఁజేయు యంత్ర మది. దానికి మూలమైన సిద్ధాంతము పుట్టిన కథను ఆమె 1974లో 'ది డిస్‌పొసెస్డ్' అను నవలగా రచించినది. బదులు చెప్పఁదగినదను నర్థముగల 'ఆన్సరబుల్' అను నాంగ్లపదమునుండి యీ పేరు వచ్చినదని యామెయే తెలిపినది. తెలుఁగువారి 'ఉత్తరము' నిచటఁ దలఁచుకొనవచ్చును. సంస్కృతమున నది ప్రతివచనము. తెలుఁగున జాబునకే పేరయ్యెను. అట్లే యిందును బదులే యంత్రమునకుఁ బేరైనది. దూరమున నున్నవారి మాటకై కనిపెట్టుకొనియుండు వేదన యా పేరిలో నణఁగియున్నది. పాఠకున కది యిచ్చు నోదార్పు యంత్రమహిమవలనఁ గాక, యీ వేదనవలనఁ గలిగినది. ఆర్సన్ స్కాట్ కార్డ్ తన 1985 నాఁటి 'ఎండర్స్ గేమ్' అను నవలలో నీ మాటనే గ్రహించెను.

రాబర్ట్ హైన్‌లైన్ 1961 నాఁటి 'స్ట్రేంజర్ ఇన్ ఎ స్ట్రేంజ్ లాండ్' లోని గ్రాక్ అంత గట్టిది గాదు. అంగారక భాషలోఁ ద్రాగుట దానికి వాచ్యార్థము. వస్తువుతో నొకటియగునంతగా దాని నెఱుఁగుట లక్ష్యార్థము. 'చదువు ఒంటఁబట్టినది' అను తెలుఁగువారి కీ లక్షణ పరిచితమే. కాని గ్రంథమునఁ బదేపదే వచ్చి యా మాట పదును పోఁగొట్టుకొన్నది. వెలుపలఁ గంప్యూటరు పనివారి నోటఁ బడి, బాగుగాఁ దెలిసికొనుట యనునంతటికే దిగినది.

రోబోట్ చరిత్ర యింతకంటె విచారణీయము. చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకము 'ఆర్. యు. ఆర్.' 1920లో ముద్రితమై 1921లోఁ బ్రాగ్ నగరమునఁ బ్రదర్శింపఁబడినది. ఈ పేరు పెట్టినవాఁడు తాను గాననియు, తన యన్న యోసెఫ్ అనియుఁ గారెలే చెప్పియున్నాఁడు. దీనికి మూలము 'రొబొత'. అనఁగా భూస్వామికిఁ గూలి లేకుండఁ జేయవలసిన నిర్బంధపుఁ బని. తెలుఁగుదేశమున దానికి సరియైన మాట మిక్కిలి చేఁదైనది: వెట్టి. ఆంగ్లమున రోబోట్ వ్యుత్పత్త్యర్థమును గోల్పోయి రూఢమైనది. తెలుఁగువారు దానిని మరమనిషి యనిరి. మాట చెవి కింపైనది, బాలుర కథలకుఁ జాలును. కాని చాపెక్ రోబోట్లు లోహపు మరలు గావు. కృత్రిమ జీవద్రవ్యముతోఁ జేయఁబడి, చూపునకు మనుష్యులవలెనే యుండును. ఆ నాటకమునకు 'మర' సరిపడదు. 'వెట్టి' పోయినచో నవి యజమానులపైఁ దిరుగఁబడుటకు హేతువు మఱుఁగుపడును. తిరుగుబాటు జరుగునని యెఱిఁగి మరల చదువువాఁడు నాటకారంభముననే యా పేరిలో దానిని వినును. మరమనిషి యను పేర నది వినఁబడదు. రోబోట్ అనియే యుంచి, మొదటి తావున నొక పాత్రచే 'వెట్టివాఁడు' అని యొకమాఱు పలికించు ననువాదకుఁ డీ లోపమును గొంత తీర్పఁగలఁడు.