నిప్పు కనపడని స్నానం

భోగినాటి తలంటి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది పొగ. అమ్మమ్మ వాళ్ల పెరట్లో మూడు రాళ్ల మీద రాగి కాగు, కింద కొబ్బరి మట్టలు, ఊదుగొట్టంతో ఊది ఊది ఎర్రబడ్డ ఆవిడ కళ్లు. ఒంటికి నలుగు పట్టించుకుని వణుకుతూ నిలబడ్డ పిల్లాడికి ఆ మంట దగ్గరే సగం స్నానం అయిపోయేది.

అందుకే కాబోలు, ఇస్తాంబుల్‌లో హమాంలోకి అడుగుపెట్టగానే పొయ్యి ఎక్కడా అని వెతికాను. కనపడలేదు. మనకు హమాం అంటే సబ్బు. అక్కడ అది ఊరంతా కలిసి స్నానం చేసే ఇల్లు. అయాసోఫియా మసీదు ఎదుట, ఒట్టోమన్ సుల్తాను భార్య హుర్రెమ్ సుల్తాన్ పేరున ఉన్న హమాంను 1556లో ఆస్థాన వాస్తుశిల్పి సినాన్ కట్టాడు. మగవాళ్ల గుమ్మం ఒక కొసన, ఆడవాళ్ల గుమ్మం రెండో కొసన. రెండు వేడి గదులు మాత్రం మధ్యలో వీపుకు వీపు ఆనించుకుని ఉంటాయి. మర్యాదా దక్కింది, వేడీ వృథా పోలేదు. సినాన్ మసీదుల గురించి అందరూ చెబుతారు గానీ, నన్నడిగితే ఆయన తెలివి ఇక్కడ ఇంకా సూటిగా తెలుస్తుంది.

హమాంలో నేరుగా వేడిలోకి పంపరు. ముందు బట్టలు మార్చుకునే పెద్ద గది, తర్వాత గోరువెచ్చని గది, ఆ తర్వాతే వేడి గది. దాని నడుమ పాలరాతి అరుగు. దాని పేరు గోబెక్ తాషి, అంటే బొడ్డు రాయి. దాని మీద వెల్లకిలా పడుకుంటే పైన గుమ్మటంలో గుండ్రటి చిన్న చిన్న గాజు కన్నాలు. వెలుతురంతా అక్కణ్ణుంచే. గోడలకు కిటికీలు పెడితే వేడి నిలవదు మరి.

ఇంతకీ నిప్పు గోడ అవతల ఉంది. ఆ కొలిమిని కుల్హాన్ అంటారు. అక్కడి మంట, పొగ నేల కిందికి పాకుతాయి. పొట్టి స్తంభాల మీద నిలబెట్టిన ఆ నేల కింది ఖాళీకి జెహెన్నెమ్‌లిక్ అని పేరు. హైదరాబాదులో పెరిగినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు, ఆ జహన్నమే, అంటే నరకమే! పొగ అక్కణ్ణుంచి గోడల్లోని గొట్టాల గుండా పైకి పోతుంది. రాయి వేడెక్కుతుంది, ఒళ్లు చెమర్చి నానుతుంది. అప్పుడు కెసె అనే గరుకు తొడుగుతో రుద్దుతారు. మట్టి పేలికలు పేలికలుగా రాలుతుంటే అమ్మమ్మ నలుగు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అక్కడ తొట్టెలో దిగి కూర్చోవడం ఉండదు. గోడవారన ఉన్న రాతి తొట్టిలో నీళ్లు నిండుతుంటాయి, గిన్నెతో ముంచి పోసుకోవాలి. నిలవనీళ్లు శుభ్రం కావని వాళ్ల పట్టింపు. మన చెంబుస్నానానికి దగ్గరి చుట్టమే.

హుర్రెమ్ సుల్తాన్ హమాం 1910లో మూతపడింది. ఆ తర్వాత గోదాముగా, తివాచీల దుకాణంగా బతికి, 2011లో మళ్లీ హమాంగా తెరుచుకుంది.

నా మనసు మాత్రం కుల్హాన్ దగ్గరే ఆగిపోయింది. లోపల స్నానం చేసేవాళ్ల కంటికి కట్టెలు ఎగదోసేవాడు కనపడడు. పాతకాలంలో ఇల్లూ వాకిలీ లేని అనాథ పిల్లలు చలికాలం రాత్రుళ్లు ఆ కొలిమిళ్లలోనే, బూడిద పక్కన పడుకునేవారు. వాళ్లను కుల్హాన్‌బేయి అన్నారు, కొలిమింటి దొర అని. ఇప్పుడు టర్కీ భాషలో ఆ మాటకు వీధి రౌడీ అని అర్థం.